చిన్న బడ్జెట్ థ్రిల్లర్లు: దాచుకుని కాదు, కుదురుగా కూర్చుని ఎట్ట చూడాలంటే

గేటు చప్పుడు వినపడగానే రిమోట్ అందుకుని న్యూస్ చానెల్ పెట్టేసేవాళ్ళు మన నెల్లూరులో శానామందే ఉండారు. అంతవరకూ టీవీలో నడుస్తా ఉండింది ఏందంటే, ఇంతకుముందు యాడా చూడని మొహం హీరో, ఊరి బయట ఒక గెస్ట్‌హౌస్, వరసబెట్టి హత్యలు, ఆగకుండా కురిసే వాన. ఎవరైనా చూస్తే "ఏందబ్బా ఈ డొక్కు సినిమాలు" అంటారని మొహమాటం. ఆ మొహమాటం అక్కర్లేదు అని చెప్పడానికే ఇది రాస్తా ఉండా. అయితే వీటిని చూడడానికి ఒక పద్ధతి ఉంది, అది తెలిస్తే పెద్ద స్టార్ సినిమాలో దొరకని మజా వీటిలో దొరుకుతుంది.

ముందు ఒక మాట. పెద్ద సినిమాలో ఏదైనా చిక్కొస్తే డబ్బు పెట్టి దాటేస్తారు, సెట్ వేస్తారు, గ్రాఫిక్స్ చేయిస్తారు, ఫారిన్ పోతారు. చిన్న సినిమాలో ఆ దారి లేదు, ఉన్న ఒక్క ఇల్లు, ఉన్న నలుగురు మనుషులు, ఉన్న రెండు లైట్లతోనే మనల్ని భయపెట్టాలి, అంటే ఆ చిక్కుని ఎవరో ఒకరు బుర్రతో విప్పాలి, ఆ విప్పిన చోటుని మనం పట్టుకోవడంలోనే అసలు కిక్కు ఉంది. అందుకే ఈ సినిమాలు పెట్టుకుని పదిమంది చేరి ఎగతాళి చేస్తా ఈలలేస్తా చూడడం నాకు నచ్చదు. అట్ట చూస్తే సినిమా కనపడదు, మన నవ్వే వినపడుతుంది.

సరే, ఎంచుకోవడం ఎట్ట. నిడివి చూడండి ముందు. రెండు గంటల లోపు ఉంటే మంచి గుర్తు, డైరెక్టర్‌కి తన కథ మీద నమ్మకం ఉందని, కామెడీ ట్రాక్‌లు ఐటం సాంగులు అతికించలేదని. కథ జరిగే చోట్లు ఎన్ని అనేది రెండో గుర్తు, ఒకే ఇల్లు, ఒకే రాత్రి, ఒకే రోడ్డు అని ఉంటే తప్పకుండా చూడండి, ఎందుకంటే ఒక్క చోట నిలబడి గంటన్నర నడపాలంటే స్క్రీన్‌ప్లే గట్టిగా ఉండాల్సిందే. ట్రైలర్ మాత్రం చూడొద్దు. చిన్న సినిమాలకి పబ్లిసిటీ డబ్బులుండవు కాబట్టి ఉన్న మంచి షాట్లన్నీ ట్రైలర్‌లోనే పెట్టేస్తారు, అందులోనే సగం ట్విస్టు బయటపడి ఉంటుంది. వీడియో కింద కామెంట్లు కూడా అంతే, ఎవడో ఒకడు మొదటి లైన్‌లోనే హంతకుడి పేరు రాసి పెడతాడు, కిందకి స్క్రోల్ చేయకుండా ఫుల్ స్క్రీన్ చేసేయండి.

ప్రింటు విషయంలో పట్టుదలగా ఉండాలి. పాత చిన్న సినిమాలని అప్‌లోడ్ చేసేటప్పుడు స్క్రీన్ నిండాలని అటూ ఇటూ కోసేసి పెడతారు. తలలు సగం తెగినట్టు కనపడినా, ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకళ్ళ ముక్కు మాత్రమే కనపడినా అది కోసిన ప్రింటు అని అర్థం, వేరేది వెతుక్కోండి. థ్రిల్లర్‌లో క్లూ ఎప్పుడూ ఫ్రేము అంచునే ఉంటుంది, తెరిచున్న కిటికీ, గోడకి ఆనించిన గొడ్డలి, వెనకాల నడిచి పోయే మనిషి. అంచు పోతే సినిమా పోయినట్టే.

టీవీ సెట్టింగులు కూడా రవ్వంత మార్చుకోవాలి, ఇది శానామంది పట్టించుకోరు. కొత్త టీవీల్లో కదలికని నున్నగా చేసే ఒక ఫీచర్ ఆన్ చేసి ఉంటుంది, ఎల్జీలో ట్రూమోషన్ అని, సోనీలో మోషన్‌ఫ్లో అని, శామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ అని పేర్లు. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో తీస్తారు, ఈ ఫీచర్ మధ్యలో లేని ఫ్రేములు పుట్టించి కలుపుతుంది, దాంతో సినిమా కాస్తా డైలీ సీరియల్ వాలకంలోకి వచ్చేస్తుంది. అసలే తక్కువ లైట్లతో తీసిన సినిమా, ఇది కూడా తోడైతే మేకప్పు, విగ్గు, థర్మాకోల్ గోడ అన్నీ బయటపడతాయి. దాన్ని ఆపేసి పిక్చర్ మోడ్ సినిమా అనో మూవీ అనో పెట్టండి. ఫోన్‌లో చూసేవాళ్ళు పగటి వెలుతురులో చూడొద్దు, రాత్రి సీన్లు ఏమీ కనపడవు, మీ మొహమే కనపడుతుంది. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి.

టైము గురించి. మన జిల్లాలో ఎండాకాలం మధ్యాహ్నం ఈ సినిమాలకి పనికిరాదు, కూలర్ మోతలో అడుగుల చప్పుడు వినపడదు. సందకాడ దాటాక, అన్నాలయ్యాక, వీధి సద్దుమణిగాక మొదలుపెట్టండి. అన్నిటికన్నా మంచి సీజన్ అక్టోబరు నించి డిసెంబరు దాకా, మనకి అసలు వానలు అప్పుడే కదా, మిగతా రాష్ట్రంలో శానా చోట్ల జూన్, జులైల్లో తడుస్తుంటే మనం ఇంకా చెమటలు కక్కుతుంటాం, మన వంతు ఈశాన్య రుతుపవనాలకి వస్తుంది. తుపాను పట్టి రెండ్రోజులు ముసురేసినప్పుడు వాన సినిమా పెట్టుకుంటే బయట వానా లోపల వానా కలిసిపోయి ఎక్కడ ఏది అయిపోతుందో తెలీదు. కరెంటు పోతుంది కాబట్టి ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

అట్టాంటి రాత్రికి నేను చెప్పే సినిమా రామ్ గోపాల్ వర్మ హిందీలో తీసిన కౌన్, 1999లో వచ్చింది, రాసింది అనురాగ్ కశ్యప్. ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు, పాటల్లేవు. ఊర్మిళ ఒంటరిగా ఉంటుంది, టీవీలో ఎవడో హంతకుడు తిరుగుతున్నాడని వార్త, బయట వాన, బెల్లు మోగుతుంది. తలుపవతల మనోజ్ బాజ్‌పాయ్, ఫలానా వాళ్ళ ఇల్లు ఇదేనా అని అడుగుతాడు. ఆమె కాదంటుంది. పోడు. మళ్ళీ బెల్లు కొడతాడు, మర్యాదగానే మాట్లాడతాడు, నవ్వుతాడు, వాన అంటాడు. ఇక్కడ చూడండి ఏం జరుగుతుందో, ఖర్చు అంటే ఒక తలుపు, నీళ్ళు, ఇద్దరు నటులు, అంతే. అయినా మనం కుర్చీలో ముందుకి జరుగుతాం, ఎందుకంటే వాడి గొంతులో బెదిరింపు లేదు, మరీ ఎక్కువ మర్యాద ఉంది. తలుపు తీస్తుందా తీయదా అన్న ఒక్క ప్రశ్న మీద అంతసేపు నిలబెట్టడం మామూలు విషయం కాదు.

తోడెవరుండాలి అంటే, ఇద్దరు ముగ్గురు చాలు, ఎక్కువైతే సినిమా చెడుతుంది. మా ఇంట్లో నా జంట మా చిన్నమ్మ. ఆమెకి ఒక సూత్రం ఉంది, అది దాదాపు ఎప్పుడూ తప్పదు. "ఈ అబ్బయ్య మనకి తెలిసిన మొహమే కదా, కథలో వీడికేం పని లేదే, మరెందుకు పెట్టుకున్నారు?" అంటుంది. అది నిజం, డబ్బులు తక్కువున్న నిర్మాత తెలిసిన నటుడికి డబ్బులిచ్చి ఊరికే కాఫీ తాగించడు, చివర్లో వాడితో పనుండే ఉంటుంది. చూసేటప్పుడు మాట్లాడుకోకుండా మేం చేసేదేందంటే ఇంటర్వెల్ పడగానే అందరం హంతకుడు ఎవరో చీటీ మీద రాసి మడిచి స్టీలు గ్లాసు కింద పెడతాం, సినిమా అయ్యాక తీస్తాం. దీనివల్ల మధ్యలో "నాకు తెలుసు నాకు తెలుసు" గోల ఉండదు, అందరూ సెకండాఫ్ ఇంకా శ్రద్ధగా చూస్తారు. పెద్దవాళ్ళు బో ఇష్టపడతారు దీన్ని.

తినేవాటిలో కరకరలాడేవి వద్దు, మురుకులు, చెక్కలు పక్కన పెట్టండి, సరిగ్గా తలుపు కిర్రుమనేటప్పుడే ఎవరో ఒకరు కొరుకుతారు. పులిబొంగరాలు మెత్తగా ఉంటాయి, చట్నీలో ముంచుకుని చప్పుడు కాకుండా తినొచ్చు. కారం దోశ అయితే సినిమాకి ముందే కానిచ్చేయండి.

ఇప్పుడు అసలు సంగతి, చూసేటప్పుడు ఏం చూడాలి. మొదటి 20 నిమిషాలు ఓపిక పట్టాలి. చిన్న సినిమాలు మొదట్లో తడబడతాయి, కొత్త నటులు బిగుసుకుపోయి ఉంటారు, డబ్బింగు పెదాలకి సరిగ్గా కుదరదు, ఇంటి పరిచయాలు సాగదీస్తారు. ఫోన్ పక్క గదిలో పెట్టేసి అది దాటండి. 20 నిమిషాలయ్యాక కూడా మీ మనసులో ఒక్క ప్రశ్న కూడా పుట్టకపోతే అప్పుడు ఆపేయండి, అన్నీ భరించాలని నేను అనడం లేదు.

ప్రశ్న పుట్టిందంటే ఇంక చెవులు పెట్టండి. చిన్న థ్రిల్లర్‌లో సౌండే సగం సినిమా, చూపించడానికి డబ్బుల్లేనిదంతా వినిపిస్తారు. హిచ్‌కాక్ సైకో సంగతే తీసుకోండి, 1960లో అంత పేరున్న డైరెక్టర్ కూడా స్టూడియో ముందుకి రాకపోతే తన టీవీ షోకి పనిచేసే యూనిట్‌ని పెట్టుకుని బ్లాక్ అండ్ వైట్‌లో 8 లక్షల డాలర్ల చిల్లరతో తీశాడు, రక్తం బదులు చాక్లెట్ సిరప్ వాడారు, బ్లాక్ అండ్ వైట్ కాబట్టి తేడా తెలియదు. అందులో బాత్‌రూమ్‌లో హత్య జరిగే సీన్‌కి మొదట మ్యూజిక్కే వద్దనుకున్నాడు హిచ్‌కాక్, బెర్నార్డ్ హెర్మన్ తీగ వాయిద్యాలు ఒక్కటే పెట్టి చేసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. ఆ సీన్ ఒకసారి మ్యూట్‌లో, ఒకసారి సౌండ్‌తో చూడండి. మ్యూట్‌లో కత్తి పైకీ కిందకీ పోతా ఉంటుంది అంతే, సౌండ్ పెట్టాక ఆ కత్తి మన మీదికి వస్తుంది.

జాన్ కార్పెంటర్ 1978లో హాలోవీన్ తీసినప్పుడు మ్యూజిక్ తనే చేసుకున్నాడు, బయటివాళ్ళని పెట్టుకోవడానికి డబ్బుల్లేక. అందులో హంతకుడి ముసుగు అంగట్లో రెండు డాలర్ల లోపు కొన్నది, స్టార్ ట్రెక్ సీరియల్ కెప్టెన్ కర్క్ మొహం అది, దానికి తెల్ల రంగేసి కళ్ళ దగ్గర కంతలు పెద్దవి చేశారు. ఏ భావమూ లేని ఆ తెల్లమొహం చూస్తే ఇప్పటికీ వెన్నులో చలి పుడుతుంది. రాబర్ట్ రోడ్రిగెజ్ 1992లో ఎల్ మరియాచి 7000 డాలర్లతో తీసినప్పుడు కెమెరాతో పాటు సౌండ్ రికార్డయ్యే ఏర్పాటు లేదు, విడిగా రికార్డ్ చేసిన మాట పెదాలకి కుదరకుండా జారిపోయే చోటల్లా టక్కున వేరే షాట్‌కి కట్ చేసేశాడు, కుక్క మొహమో ఇంకోటో. చూసేవాళ్ళకి అది పరుగులు పెట్టే ఎడిటింగ్‌గా కనపడింది. ఇట్టాంటివి తెలుసుకుని చూస్తుంటే మన సినిమాల్లో కూడా పట్టేస్తాం. పొగ మరీ దట్టంగా వదిలారంటే దాని వెనకాల సెట్ లేదు. హంతకుడి చేతి గ్లౌజులే చూపిస్తున్నారంటే ఆ రోజు ఆ నటుడు షూటింగ్‌కి రాలేదేమో, వేరెవరి చేతులో అవి. కథ అడవిలోకి పోయిందంటే అడవికి అద్దె తక్కువ. వంశీ 1985లో అన్వేషణ తలకోన అడవిలో తీసినప్పుడు మాత్రం ఆ అడవి అద్దె లెక్క కోసం వాడినట్టు ఉండదు, చెట్ల మధ్య మంచూ ఇళయరాజా బీజీఎమ్మూ కలిసి అడవే ఒక పాత్ర అయి కూర్చుంటుంది, పాటల కోసం కాదు, ఒకసారి ఆ నేపథ్య సంగీతం కోసం చూడండి.

మన గడ్డ మనిషి గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. డైరెక్టర్ కె.ఎస్.ఆర్. దాస్‌ది వెంకటగిరి, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ 2022 దాకా మన నెల్లూరు జిల్లానే. 1970లో విజయలలితతో రౌడీ రాణి, 1971లో కృష్ణతో జేమ్స్ బాండ్ 777, అదే ఏడు మోసగాళ్ళకు మోసగాడు కూడా, 1972లో పిస్టల్‌వాలి, అంటే ఎంత స్పీడుగా తీసేవాడో చూడండి. హీరోయిన్ తుపాకీ పట్టుకుని గుర్రమెక్కి విలన్లని తరిమే సినిమాలు అంతకాలం ముందే తీశాడు, తీసింది మన వెంకటగిరి ఆయన, ఈ మాట మన పిలకాయలకి తెలియాలి. వీటిని చూసే పద్ధతి వేరే. కథలో లాజిక్ వెతకొద్దు, కెమెరాని చూడండి, మొహం మీదికి దూసుకొచ్చే జూమ్‌లు, దెబ్బకీ దెబ్బకీ మధ్య కట్‌లు. ఊపిరాడనీకుండా నడపడం దాస్ పని, కథలో ఉండే కంతల మీదికి మన దృష్టి పోయేలోపే తర్వాతి ఫైట్ మొదలవుతుంది. ఇంట్లో 60 దాటినవాళ్ళుంటే పక్కన కూర్చోబెట్టుకోండి, ఏ టూరింగ్ టాకీసులో చూశారో, విజయలలిత గుర్రం ఎక్కితే నేల క్లాసు ఎట్ట ఊగిపోయిందో వాళ్ళే చెప్తారు.

నెల్లూరు అంటే గుర్తొచ్చింది, 2019లో వచ్చిన ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయలో డిటెక్టివ్ ఆఫీసు మన నెల్లూరులోనే. డిటెక్టివ్ అంటే హైదరాబాదో బొంబాయో అనుకునే చోట మన ఊరి పేరు పెట్టారు, నవ్విస్తానే రైలు పట్టాల పక్కన దొరికే శవాల దగ్గరికి తీసుకుపోతుంది కథ. బయటి ఊరి చుట్టాలు వచ్చినప్పుడు మేం ముందు ఇదే పెడతాం.

రెండోసారి చూడడం ఒక ప్రత్యేకమైన పని. హంతకుడు ఎవరో తెలిసిపోయింది కాబట్టి ఈసారి వాడినే చూడండి, మిగతావాళ్ళు మాట్లాడుతున్నప్పుడు వాడు ఎక్కడ నిలబడ్డాడు, ఎవరి వైపు చూశాడు. మంచి సినిమా అయితే ప్రతి సీన్‌లో ముందే చెప్పేసి ఉంటారు. మోసం చేసిన సినిమా కూడా రెండోసారికి దొరికిపోతుంది, అప్పుడు దాన్ని మొహమాటం లేకుండా పక్కన పెట్టేయొచ్చు. డబ్బు ఏం చేస్తుందో ఏం చేయలేదో ఇంకా బాగా తెలియాలంటే 2016లో వచ్చిన క్షణం, దాన్నే హిందీలో రీమేక్ చేసిన 2018 బాఘీ 2 వెంటవెంటనే చూడండి. క్షణం కోటి రూపాయల చిల్లరతో తీశారు, రవికాంత్ పేరేపు డైరెక్షన్, కథ అడివి శేష్‌ది, తప్పిపోయిన ఒక పాపని వెతకడం. హిందీలో అదే పాపని వెతకడం అడవులూ హెలికాప్టర్లూ దాకా పోయింది, వసూళ్ళు బాగానే వచ్చాయి కూడా. కానీ పాప అసలు ఉందా లేదా అనే అనుమానం మన చేత పట్టించింది మాత్రం క్షణమే, హిందీలో హీరో కండలు చూస్తుంటే వీడు ఎట్టయినా గెలుస్తాడు అని ముందే తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక మనసులోంచి చెప్తుండా. ఈ కోవలో కొన్ని సినిమాలు ఆడవాళ్ళని హింసించడమే సరుకుగా పెట్టుకుని తీస్తారు, కథ ఉండదు, కెమెరా బాధ పడేవాళ్ళ మీద నించి కదలదు. అట్టాంటివి కల్ట్ అని ఎవరు చెప్పినా చూడక్కర్లేదు, ఆపేయండి. పిలకాయలతో కూర్చునేముందు సెన్సార్ సర్టిఫికెట్ చూడండి, 2024 నించి యూఏలోనే (పెద్దవాళ్ళ తోడుతో పిలకాయలు చూడదగ్గవి) వయసుని బట్టి 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని విడదీశారు, పాత సినిమాలకి ఆ వివరం ఉండదు కాబట్టి ముందు మీరొక్కరే చూసేయడం మేలు.

మొదలుపెట్టేవాళ్ళకి నా వరస ఇది. ముందు క్షణం, ఎందుకంటే అది అలవాటు లేనివాళ్ళని కూడా కూర్చోబెడుతుంది. తర్వాత చంద్రశేఖర్ యేలేటి 2003లో కొత్త కుర్రాళ్ళతో తీసిన ఐతే, గుణ్ణం గంగరాజు నిర్మాత, తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది, అందులో డాన్‌గా పవన్ మల్హోత్రా అరవకుండా మాట్లాడే తీరు గమనించండి. ఆ తర్వాత 2005 ఎ ఫిల్మ్ బై అరవింద్, చేతిలో ఉన్న స్క్రిప్టులో రాసి ఉన్నట్టే వాళ్ళకి జరుగుతా పోతుంది, ఇది ఒంటరిగా చూడాల్సిన సినిమా. ముసురు పట్టిన రోజుకి కౌన్ దాచిపెట్టండి. దాస్ సినిమాలు ఆదివారం పెద్దవాళ్ళతో. చివరికి స్పీల్‌బర్గ్ డ్యుయెల్, 1971లో టీవీ కోసం 24 ఏళ్ళ వయసులో తీశాడు, ఒక కారు, దాన్ని తరిమే ఒక లారీ, డ్రైవర్ మొహం ఒక్కసారి కూడా చూపించడు. మన హైవే మీద రాత్రిళ్ళు తిరిగేవాళ్ళకి ఆ సినిమా గురించి వివరించే పని లేదు. దాన్ని మాత్రం కావలి మీదుగా ఒంగోలు ప్రయాణం పెట్టుకున్న రోజు చూడొద్దు, ఇంటికి తిరిగొచ్చి రెండ్రోజులు గడిచాక పెట్టుకోండి.